గురి చూసే చేతికి అంటే సీసం

షూటింగ్ రేంజ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు కళ్లద్దాలు పెట్టుకోమనీ, చెవులు కప్పుకోమనీ అందరూ చెబుతారు. చేతులు కడుక్కోమని గట్టిగా చెప్పేవాళ్లు కూడా కావాలి. ఎందుకంటే అక్కడ వేళ్లకు అంటేది మామూలు మురికి కాదు, సీసం.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచిందీ, 2012 లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం అందుకున్నదీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ విజయాలు చూసి ఎందరో పిల్లలు ఈ ఆటలోకి వచ్చారు. ఎయిర్ రైఫిల్‌లో మందు పేలదు, పొగ రాదు. అందుకే అది ఏ హానీ లేనిదనిపిస్తుంది. కానీ అందులో వాడే చిన్న గుండు, అంటే పెల్లెట్, సాధారణంగా సీసంతో చేసినదే. 4.5 మిల్లీమీటర్ల వ్యాసం, అర గ్రాము బరువు. ఒక్కొక్క పెల్లెట్‌నూ రెండు వేళ్లతో డబ్బాలోంచి తీసి, బ్యారెల్ వెనకభాగంలో పెట్టి, బొటనవేలితో లోపలికి నెట్టాలి. పోటీలో అర్హత రౌండ్‌కే 60 సార్లు ఈ పని జరుగుతుంది. డబ్బాలో పెల్లెట్లు ఒకదానితో ఒకటి రాసుకోవడంతో అడుగున బూడిదరంగు పొడి చేరుతుంది. సాధన ముగిసేసరికి వేలికొనలు నల్లబడతాయి, గోళ్ల కింద సన్నటి గీత కనిపిస్తుంది. కొందరు తొందరలో పెల్లెట్లను పెదవుల మధ్య పెట్టుకుంటారు. ఈ అలవాటు చూసిన కోచ్ అక్కడికక్కడే మాన్పించాలి.

మందుతో పేలే పాయింట్ టూ టూ రైఫిళ్లు, పిస్టళ్ల దగ్గర సీసం మరో దారిలో కూడా వస్తుంది. తూటా అడుగున ఉండే ప్రైమర్‌లో లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు సమ్మేళనం వాడతారు. పిన్ను తగలగానే పేలి మందును అంటించేది అదే. ఆ వేడికి సీసం ఆవిరై, బయటి గాలి తగలగానే చల్లబడి, కంటికి కనిపించని సన్నటి రేణువులుగా మారుతుంది. వేడి వాయువుల తాకిడికి తూటా నుంచి కూడా కొంత సీసం విడివడుతుంది. కాల్చిన మనిషి చేతులపై ఈ రేణువుల్ని పట్టుకునే ఫోరెన్సిక్ నిపుణులు నేరాలను ఛేదిస్తారు. గాలి సరిగా ఆడని రేంజ్‌లో ఇవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బల్లలపై, తుపాకి పిడిపై, నేలపై పేరుకుంటాయి. పొడి చీపురుతో ఊడిస్తే మళ్లీ గాలిలోకి లేస్తాయి. వాటిని అందరికంటే ఎక్కువ పీల్చేది ఊడ్చే మనిషే. తడిగుడ్డతో తుడిపించడం రేంజ్ నిర్వాహకుల బాధ్యత.

చేతికంటిన సీసం చెక్కుచెదరని చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువ. దానివల్ల వచ్చే ప్రమాదమంతా నోటి దారిలోనే. మనం అన్నం చేత్తో కలుపుకుని తింటాం. రేంజ్ నుంచి వచ్చిన చేయి సరిగా కడగకుండా కంచంలో పడితే ఆ రేణువులు ముద్దతోనే లోపలికి పోతాయి. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది సుమారు పదోవంతు. చిన్నపిల్లల్లో అది సగం దాకా ఉండవచ్చు. ఖాళీ కడుపున ఇంకా ఎక్కువ పడుతుంది. శరీరం సీసాన్ని కాల్షియంగా పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. రక్తంలో ఉన్నది నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది గానీ, ఎముకల్లో చేరింది దశాబ్దాలు ఉండిపోతుంది. పెద్దవాళ్లలో రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎదిగే పిల్లల మెదడుకు ఇంతవరకు ఫర్వాలేదని చెప్పగల మోతాదంటూ లేదు.

మరి ఎలా కడగాలి? శానిటైజర్ క్రిములను చంపుతుంది, లోహాన్ని తొలగించదు. సబ్బు, నీళ్లు చాలావరకు పని చేస్తాయి, పూర్తిగా కాదు. వేలిగీతల్లో ఇరుక్కున్న సీసం కొంత మిగిలిపోతుంది. కార్మికుల ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ శాస్త్రవేత్తలు దీనికోసం సిట్రిక్ ఆమ్లం, చర్మానికి పడే ఒక శుభ్రకారి కలిపిన గరుకు తుడుపు కాగితాన్ని రూపొందించారు. రసాయనం సీసపు పట్టు వదిలిస్తే, గరుకుదనం గీతల్లోంచి లాగేస్తుంది. అలాంటివి దొరకనిచోట ధారగా పారే నీటికింద సబ్బుతో ఓపిగ్గా రుద్ది, గోళ్లకు బ్రష్ పెట్టి, రెండోసారి కడగడం మేలు. మంచినీళ్ల సీసా, ఫోను, టిఫిన్ డబ్బా ముట్టుకునే ముందే ఈ పని కావాలి. ముఖం కూడా కడుక్కోవాలి. రేంజ్ బూట్లు గుమ్మం బయటే విప్పాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో పాకే బిడ్డ ఉంటే ఇందులో ఏ ఒక్కటీ వదలకూడదు.

తరచూ కాల్చేవారు ఏడాదికోసారైనా రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. వేలికొన గుచ్చి తీసే చుక్కతో చేసే పరీక్షలో ఒక చిక్కుంది. చర్మంపై మిగిలిన సీసం ఆ చుక్కలో కలిస్తే లెక్క ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే వేలి పరీక్షలో ఎక్కువ వచ్చినప్పుడు సిర నుంచి రక్తం తీసి మళ్లీ చూస్తారు.