‘పడదు’ అను మాటకు రెండర్థములు

ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలోని తెలుగు ఇండ్లలో ‘నాకు పాలు పడవు’, ‘మా వానికి రొయ్యలు పడవు’ అను మాటలు రెండును వినబడవచ్చును. ఆ ఒక్క మాటలో రెండు వేరు స్థితులు దాగియున్నవి.

పాలలోని చక్కెరను జీర్ణింపజేయు లాక్టేజు పెద్దలలో పెక్కుమందికి చాలినంత ఊరదు. అందుచే కడుపుబ్బరము, విరేచనములు కలుగును. ఇది అసహనము, బాధయే కాని ప్రాణాపాయము కాదు. ఇట్టివారు కొద్దిపాటి పాలను, పెరుగును తరచుగా సహింపగలరు.

రొయ్యల ఎలర్జీ అట్టిది కాదు. అందలి మాంసకృత్తును శరీర రక్షణశక్తి శత్రువని భ్రమించి ఎదిరించును. ఉడికించినను ఆ గుణము పోదు. ఒక్క ముక్కయే చాలవచ్చును. ‘ఒక్కటి తిను, ఏమీ కాదు’ అని బంధువులు బలవంతపెట్టు ఆచారము ఇచ్చట కడు ప్రమాదకరము. దద్దురులతోపాటు పెదవులు వాచి, ఊపిరాడనిచో, గృహవైద్యముతో కాలయాపన చేయక ఆసుపత్రికి గొనిపోవలెను. అచ్చట తొడకండకిచ్చు ఎడ్రినలిన్ సూదిమందే ముఖ్య చికిత్స.