ఏ క్లోన్ మంచిదని కాదు, ఎవరికి మంచిదని అడుగుదాం

ఖమ్మం నుంచి ప్రకాశం దాకా మెట్ట పొలాల్లో జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలు మనకు కొత్త కాదు. కాగితం మిల్లులకు కర్ర కావాలి. ‘క్లోన్ మొక్క వేయండి, త్వరగా కోతకొస్తుంది’ అని నర్సరీలు చెబుతున్నాయి. అది అబద్ధం కాదు. కానీ ఆ మొక్కను ఎంచిన కొలతల్లో దళిత రైతు, కూలీ లేరు.

క్లోన్ ఎలా తయారవుతుంది? వేల చెట్లలో నిటారుగా, లావుగా, తెగులు లేకుండా పెరిగిన చెట్టును ఎంచుతారు. దాన్ని నరికి, మోడు నుంచి వచ్చిన చిగురు కొమ్మలను ముక్కలు కోసి, వేరు హార్మోన్ అద్ది, తేమ గదుల్లో నాటుతారు. ప్రతి మొక్కా తల్లిచెట్టుకు నకలే. భద్రాచలం దగ్గర సారపాక కాగితం మిల్లు 1989లో జామాయిల్‌తో ఈ పని మొదలుపెట్టింది. 3, 7, 10, 413 వంటి అంకెలతో పిలిచే భద్రాచలం క్లోన్లు అక్కడివే. కోయంబత్తూరులోని కేంద్ర అటవీ జన్యు పరిశోధన సంస్థ రెండు జాతుల సరుగుడును కలిపి సంకర క్లోన్లు విడుదల చేసింది.

నల్లరేగడిలో ఏపుగా వచ్చిన క్లోన్ ఎర్ర చెలకలో, చౌడులో అలాగే రావాలని లేదు. దళితులకు పంచిన అసైన్డ్ భూములు చాలాచోట్ల రాళ్ల నేలలు, చౌడు నేలలే. కాబట్టి అలాంటి నేలలో, వాన మీదే పెరిగిన తోటను చూపించమని అడగాలి. పొలమంతా ఒకే క్లోన్ వేయడమూ ప్రమాదమే. 2000ల మొదట్లో మన దేశానికి వచ్చిన ఒక చిన్న కందిరీగ జామాయిల్ ఆకులపై, లేత కొమ్మలపై బుడిపెలు పుట్టించింది. దాన్ని తట్టుకోలేని క్లోన్ ఉన్నచోట తోటంతా ఒకేసారి దెబ్బతింటుంది. మూడు నాలుగు క్లోన్లు కలిపి వేస్తే నష్టం తగ్గుతుంది.

ఇక కూలి సంగతి. మిరప, పత్తి చేలలో కలుపుకీ కోతకీ మన ఆడవాళ్లకు నెలల తరబడి పని ఉంటుంది. చెట్లు కమ్ముకున్నాక నరికే దాకా, అంటే దాదాపు నాలుగేళ్లు, పెద్దగా పని ఉండదు. మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడంతో తోటంతా నాటితే ఏడాది రెండేళ్లకే నీడ కమ్మి అంతరపంట పోతుంది. చెట్లను జంట వరుసలుగా నాటి మధ్య వెడల్పాటి స్థలం వదిలితే కంది, పెసర, మిరప ఎక్కువ కాలం పండుతాయి. కూలి నిలుస్తుంది, ఇంటికి గింజ దక్కుతుంది. వ్యవసాయ అడవి అనే మాటకు అప్పుడే అర్థం ఉంటుంది.

నీటి లెక్కా ఉంది. భూగర్భజలం తగ్గుతోందని కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. ఊరి చెరువు పక్కన, తాగునీటి బోరు పక్కన ఈ చెట్లు వద్దని గ్రామసభలో చెప్పడం మన హక్కు.

అన్నిటికంటే ముందు భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టంలో ‘బదిలీ’ అంటే అమ్మకమే కాదు, కౌలు కూడా. ఆంధ్రప్రదేశ్ 2023లో 20 ఏళ్లు దాటిన పట్టాలకు సడలింపు తెచ్చింది. అది మన పట్టాకు వర్తిస్తుందో లేదో కాగితాల్లో సరిచూసుకోవాలి. ‘చెట్లు మేం వేస్తాం, భూమి ఇవ్వండి’ అని ఎవరైనా వస్తే సంతకానికి ముందు ఈ చట్టం చదవాలి. నాలుగేళ్ల తర్వాత కర్ర ధర ఎంతో, నరికే ఖర్చు, చివర్లో మోళ్లు పెకిలించే ఖర్చు ఎవరిదో రాతలో ఉండాలి.

క్లోన్‌ను శాస్త్రవేత్తలు ఎంచుతారు. షరతులను మనం ఎంచాలి.