ఎత్తు ఒక్కటే కారణమా? లంబసింగి చలి ఆధారంగా ఉష్ణమండల శీతోష్ణస్థితి పరిశీలన

వ్యాససంగ్రహం

ఉష్ణమండలంలోని ఎత్తైన ప్రదేశాలు చల్లగా ఉండటానికి సముద్ర మట్టం నుంచి వాటి ఎత్తే కారణమని సాధారణంగా చెబుతారు. ఈ వివరణ సరైనదే కాని సంపూర్ణం కాదు. తూర్పు కనుమలలోని లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాల శీతోష్ణస్థితిని ఉదాహరణగా తీసుకుని, ఎత్తుతో పాటు భూస్వరూపం, సముద్ర సామీప్యం, గాలిలోని ఆర్ద్రత, మేఘావరణం, వృక్షసంపద ఏ విధంగా పనిచేస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. పగటి చల్లదనానికి ఎత్తు ప్రధాన కారణమనీ, శీతాకాలపు రాత్రుల తీవ్రమైన చలికి లోయ ఆకృతి, పొడిగాలి, నిర్మలాకాశం కూడా తోడు కావాలనీ ఇందులో ప్రతిపాదించడమైనది.

కీలకపదాలు: శీతోష్ణస్థితి, ఎత్తు, ఉష్ణోగ్రతా విలోమం, తూర్పు కనుమలు, లంబసింగి, అరకు కాఫీ.

1. ప్రవేశిక

డిసెంబరు, జనవరి నెలలు రాగానే లంబసింగి పేరు పత్రికలలో తరచుగా కనిపిస్తుంది. సుమారు 1000 మీటర్ల ఎత్తున, తీరానికి వంద కిలోమీటర్లలోపే ఉన్న ఈ చిన్న గ్రామాన్ని 'ఆంధ్రా కశ్మీర్' అని పిలవడం పరిపాటి అయింది. ఆరుబయట ఉన్న మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడన్న భావంతో దీనికి 'కొర్రబయలు' అనే పేరు ఏర్పడిందని స్థానికులు చెబుతారు. కర్కటరేఖకు దక్షిణంగా, దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్న ప్రదేశంలో ఇంతటి చలి ఎలా సాధ్యం? ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు ఇచ్చే జవాబు 'ఎత్తు'. ఆ జవాబు ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఎత్తు: ప్రాథమిక సూత్రం

కొండ ఎక్కినవారు సూర్యునికి దగ్గరవుతారు కనుక అక్కడ వేడి పెరగాలని విద్యార్థులు అడగడం కద్దు. సూర్యునికీ భూమికీ మధ్య దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరం ఉండగా, ఒక కిలోమీటరు తేడాకు విలువ లేదు. గాలి ప్రధానంగా నేల నుంచి వేడెక్కుతుంది. సూర్యరశ్మి నేలను తాకి, నేల తనపై ఉన్న గాలిని వేడిచేస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేచినప్పుడు పీడనం తగ్గి వ్యాకోచిస్తుంది. ఆ వ్యాకోచానికి తన అంతర్గత శక్తినే ఖర్చు చేస్తుంది కనుక చల్లబడుతుంది. పొడిగాలి ఈ విధంగా ప్రతి 1000 మీటర్లకు దాదాపు 9.8 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది. తేమతో సంతృప్తమైన గాలిలో నీటిఆవిరి ద్రవీభవించి గుప్తోష్ణం విడుదలవుతుంది కాబట్టి ఈ తగ్గుదల తక్కువగా ఉంటుంది. వాతావరణం మొత్తానికి సగటుగా 1000 మీటర్లకు 6.5 డిగ్రీల తగ్గుదలను లెక్కలోకి తీసుకుంటారు.

ఉష్ణమండలంలో ఈ సూత్రానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. భూమధ్యరేఖకు సమీపంగా ఉండి 2800 మీటర్లకు పైబడిన ఎత్తున్న క్విటో నగరంలో ఏడాది పొడవునా నెలసరి సగటు ఉష్ణోగ్రతలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. అక్కడ ఋతువుల మధ్య తేడా కంటే పగలు, రాత్రుల మధ్య తేడాయే ఎక్కువ. ఈ లక్షణాన్ని గుర్తుంచుకుంటే లంబసింగిని అర్థం చేసుకోవడం సులభమవుతుంది. పగటినీ రాత్రినీ వేరువేరుగా చూడకుండా కొండప్రాంతపు శీతోష్ణస్థితిని వివరించలేము.

3. లెక్కకు అందని చలి

సముద్ర మట్టానికి చేరువగా ఉన్న విశాఖపట్నంలో ఒక జనవరి ఉదయం 16 డిగ్రీల కనిష్ఠ ఉష్ణోగ్రత ఉందనుకుందాం. 1000 మీటర్లకు 6.5 డిగ్రీల చొప్పున తగ్గిస్తే లంబసింగిలో 9 లేక 10 డిగ్రీలు ఉండాలి. అయితే చలి ముదిరిన శీతాకాలపు ఉదయాలలో చింతపల్లి, లంబసింగి ప్రాంతంలో 5 డిగ్రీలలోపు ఉష్ణోగ్రతలు పలుమార్లు నమోదయ్యాయి. మిగిలిన ఈ తేడాను ఎత్తు వివరించలేదు.

మరో రెండు ప్రదేశాలతో పోల్చినప్పుడు ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. చిత్తూరు ప్రాంతపు హార్సిలీ కొండల ఎత్తు 1200 మీటర్లకు పైమాటే. లంబసింగి కంటే ఎత్తైనప్పటికీ అక్కడి శీతాకాలం అంత తీవ్రంగా ఉండదు. మరోవైపు, 300 మీటర్ల ఎత్తు కూడా లేని ఆదిలాబాద్‌లో కొన్ని శీతాకాలాలలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల చెంతకు పడిపోతుంది. ఎత్తు ఒక్కటే నిర్ణాయకమైతే ఈ మూడు ప్రదేశాల వరుస ఇందుకు పూర్తిగా భిన్నంగా ఉండేది.

4. లోయ ఆకృతి, ఉష్ణోగ్రతా విలోమం

సూర్యాస్తమయం తరువాత నేల తన వేడిని వికిరణం ద్వారా ఆకాశంలోకి కోల్పోతుంది. నేలను ఆనుకుని ఉన్న గాలి ముందుగా చల్లబడి బరువెక్కుతుంది. కొండవాలులపై చల్లబడిన గాలి నీటివలె పల్లానికి జారి లోయ అడుగున చేరుతుంది. తెల్లవారేసరికి లోయ అడుగున అతి చల్లని గాలి, దానిపైన కొంత వెచ్చని గాలి ఉంటాయి. ఎత్తు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గాలన్న సాధారణ నియమం ఇక్కడ తలకిందులవుతుంది. దీనినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు.

పాడేరు సమీపంలోని వంజంగి కొండపై వేకువజామున కనిపించే 'మేఘసముద్రం' ఇటువంటి స్థితికి కంటికి కనబడే రూపం. కింది లోయలో చల్లని గాలి, పొగమంచు చిక్కుకుని ఉంటాయి. సందర్శకుడు వాటికి పైన నిలబడతాడు. సూర్యుడు పైకి వచ్చి నేల వేడెక్కాక గాలిపొరలు కలిసిపోయి పొగమంచు విడిపోతుంది. హార్సిలీ కొండలు శిఖరభాగం కావడం వల్ల అక్కడ చల్లబడిన గాలి నిలవక కిందికి జారిపోతుంది. అవి లంబసింగి కంటే దాదాపు నాలుగు డిగ్రీల అక్షాంశం దక్షిణంగా ఉండటం కూడా మరొక కారణం.

5. సముద్రం, ఆర్ద్రత, మేఘం

నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. అందువల్ల విశాఖ తీరంలో పగలు, రాత్రుల తేడా పరిమితంగా ఉంటుంది. తీరం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ ఈ రక్షణ తగ్గుతుంది. ఎత్తు లేకపోయినా ఆదిలాబాద్ చల్లబడటానికి సముద్రానికి దూరంగా, ఉత్తరాన ఉండటమే ముఖ్యకారణం.

గాలిలోని నీటిఆవిరి, ఆకాశంలోని మేఘం నేల విడుదల చేసిన వేడిని తిరిగి నేలకు పంపుతాయి. శీతాకాలంలో ఉత్తరాది నుంచి పొడిగాలులు వీచి ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రులలో ఈ దుప్పటి తొలగిపోతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మబ్బు పట్టిన డిసెంబరు రాత్రి అదే లంబసింగిలో చలి గణనీయంగా తగ్గుతుంది. రెండు రాత్రుల మధ్య ఊరి ఎత్తు మారలేదు, ఆకాశం మాత్రమే మారింది.

వర్షపాతంలోనూ కొండల పాత్ర ఎత్తుతో తేలేది కాదు. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాలకు అడ్డుగోడలా నిలుస్తాయి. వాటి వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురం ప్రాంతంలో వార్షిక వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లకు పరిమితం. తూర్పు కనుమలను గోదావరి, కృష్ణ వంటి నదులు ఖండించడం వల్ల అవి అఖండమైన గోడ కాలేదు. కనుక అంతటి తీవ్రమైన వర్షచ్ఛాయ ఇక్కడ ఏర్పడదు.

6. కొలత, పరిభాష

తెలుగులో 'మంచు' అనే ఒకే మాట పొగమంచుకూ, గడ్డిపై నిలిచే నీటిబిందువులకూ, గడ్డకట్టిన తుషారానికీ, ఆకాశం నుంచి రాలే హిమానికీ వర్తిస్తుంది. 'లంబసింగిలో మంచు కురుస్తోంది' అనే వాక్యాన్ని హిమపాతంగా చదవడానికి ఈ అనేకార్థతే దారితీస్తుంది. అక్కడ సాధారణంగా కనిపించేది దట్టమైన పొగమంచు, అరుదుగా తుషారం.

వాతావరణ కేంద్రాలలో ఉష్ణమాపకాన్ని నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున, గాలి ఆడే తెల్లని స్టీవెన్సన్ పెట్టెలో ఉంచుతారు. నిర్మలమైన రాత్రి గడ్డి ఉపరితలం అంతకంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. పెట్టెలో 2 లేక 3 డిగ్రీలు ఉన్నప్పుడే గడ్డిపై తుషారం ఏర్పడవచ్చు. కాబట్టి 'సున్నా డిగ్రీలు' అనే వార్తను పరిశోధనలో ఆధారంగా స్వీకరించే ముందు, ఆ కొలత ఎక్కడ, ఏ ఎత్తున, ఏ పరికరంతో తీసినదో నిర్ధారించుకోవాలి.

7. సాగుకు సంబంధించిన పర్యవసానం

ఈ చర్చ పర్యాటక ఆసక్తితో ముగిసేది కాదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికా కాఫీ గిరిజన రైతుల జీవనాధారం. అరబికా మొక్క అధిక వేడినీ తుషారాన్నీ తట్టుకోలేదు. సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే, పై లెక్క ప్రకారం, అదే చల్లదనం కోసం దాదాపు 150 మీటర్లు పైకి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో అత్యున్నతమైన అర్మకొండ ఎత్తు సుమారు 1680 మీటర్లే. కొండ పైకి వెళ్లేకొద్దీ సాగుకు దొరికే నేల కుంచించుకుపోతుంది. రైతు తన తోటను ఎత్తుకు తరలించలేడు. అతని చేతిలో ఉన్న సాధనం నీడ. సిల్వర్ ఓక్ వంటి నీడచెట్లు పగటి ఎండను అడ్డుకుంటాయి, రాత్రివేళ నేల వేడి ఆకాశానికి పోకుండా కొంత ఆపుతాయి. చెట్లను కోల్పోయిన తోట పగటి రక్షణనూ రాత్రి రక్షణనూ ఒకేసారి కోల్పోతుంది.

8. ముగింపు

ఎత్తు ఒక ప్రదేశపు ఉష్ణోగ్రతకు స్థూలమైన పునాది వేస్తుంది. ఆ పునాదిపై ఏర్పడే వాస్తవ శీతోష్ణస్థితిని అక్షాంశం, సముద్ర దూరం, లోయ ఆకృతి, ఆకాశ స్థితి, చెట్ల నీడ తీర్చిదిద్దుతాయి. అందువల్ల 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా వంటి కొండప్రాంతానికి జిల్లా సగటు ఆధారంగా సాగు సలహాలు ఇవ్వడం శాస్త్రీయం కాదు. ఒకే మండలంలో వాలుపై ఉన్న తోటకూ, లోయ అడుగున ఉన్న తోటకూ ఒకే రాత్రి ఒకే చలి ఉండదు. ఎత్తుతో పాటు భూస్వరూపాన్ని కూడా నమోదు చేసే గ్రామస్థాయి పరిశీలనలు ఈ దిశలో పరిశోధకులు చేపట్టవలసిన తక్షణ కర్తవ్యం.