పద్యనాటక రంగస్థలంపై నటగాయకుల స్వేచ్ఛ: కవిపాఠం, రాగాలాపన, కర్తృత్వం

వ్యాససంగ్రహం: తెలుగు పద్యనాటకంలో నటుడు కవి రాసిన పద్యాన్ని యథాతథంగా అప్పజెప్పడు. రాగం ఎంచుకుంటాడు, సాగదీస్తాడు, విరుస్తాడు, ఒక్కొక్కసారి వేరొక కవి పద్యాన్ని తెచ్చి చేరుస్తాడు. ఈ స్వేచ్ఛలన్నీ ఒక కోవకు చెందినవి కావని, వాటిలో మొదటిది కవి స్వయంగా వదిలిన చోటు అయితే చివరిది కవి పేరునే మరుగుపరచగలదని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పద్యనాటకం, రాగాలాపన, ఛందస్సు, తిరుపతి వేంకట కవులు, బలిజేపల్లి, జాషువ, కాటిసీను.

ప్రవేశిక

తిరువూరు పరిసర గ్రామాల్లో శ్రీరామనవమి పందిళ్లలోనూ, తిరునాళ్లలోనూ పద్యనాటకం చూసిన వారికి ఒక దృశ్యం సుపరిచితం. శ్రీకృష్ణ పాత్రధారి పద్యం పూర్తిచేసి చివరి అక్షరం మీద రాగం అందుకుంటాడు. హార్మోనిస్టు వెంబడిస్తాడు. ఇద్దరి మధ్య చిన్న పోటీ నడుస్తుంది. కథ ఆగిపోతుంది, కౌరవసభ అంతా కదలక కూర్చుంటుంది. జనంలోంచి 'వన్స్ మోర్' అని కేక వినబడుతుంది. పద్యం మళ్లీ మొదలవుతుంది. రాయబారానికి వచ్చిన కృష్ణుడు ఒకే మాటను దుర్యోధనుడికి రెండుసార్లు చెప్పవలసి రావడంలోని అసంగతత్వాన్ని ఎవరూ పట్టించుకోరు.

దీన్ని పండితులు తరచుగా 'అనౌచిత్యం' అని తీసివేశారు. బళ్లారి రాఘవ (1880–1946) వంటి మహానటుడు నాటకంలో సంగీతం మితిమీరడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆ విమర్శలో బలం ఉంది. కానీ నటుడు తీసుకునే స్వేచ్ఛను మొత్తంగా తప్పనడం గాని, మొత్తంగా ప్రతిభ అనడం గాని మనల్ని ఎక్కడికీ తీసుకుపోదు. కవి ఏది నిర్దేశించాడు, ఏది వదిలాడు అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి.

కవి వదిలిన చోటు

దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) జంటగా రాసిన పాండవ నాటకాల్లో 'పాండవోద్యోగము', 'పాండవ విజయము' అనే రెండూ కలిసి జనంలో 'పాండవోద్యోగ విజయాలు'గా స్థిరపడ్డాయి. ఆ పద్యాల పైన స్వరాలు లేవు. ఫలానా పద్యం మోహనలో పాడాలని, ఫలానాది కల్యాణిలో అందుకోవాలని కవులు శాసించలేదు. పద్యం స్వరలిపి కాదు. అయితే అది ఏ నిర్దేశమూ లేని వచనం కూడా కాదు. ఉత్పలమాల పాదాన్ని తీసుకుంటే 20 అక్షరాలు, 28 మాత్రలు. ఏ అక్షరం లఘువో ఏది గురువో ముందే నిర్ణయమై ఉంది. అంటే కవి కాలప్రమాణాన్ని ఇచ్చి, స్వరాన్ని నటుడికి వదిలాడు.

కనుక రాగం ఎంచుకోవడం అతిక్రమణ కాదు. అది నటుడి వంతు పని. పాదాంతంలోని గురువు మీద ఆలాపన చేయడం కూడా పెద్దగా హాని చేయదు, అప్పటికి మాట పూర్తయి ఉంటే. చిక్కు లఘువు దగ్గర వస్తుంది. తెలుగులో అచ్చు నిడివి అర్థాన్ని మారుస్తుంది. 'వడి' వేగం, 'వాడి' పదును. రాగం కోసం లఘువును లాగిన నటుడు ఛందస్సునే కాక మాటను కూడా మారుస్తున్నాడు.

విరుపు ఇంకా ప్రమాదకరం. సంస్కృతంలో యతి అంటే విరామం. తెలుగులో అది అక్షరమైత్రి మాత్రమే. యతిస్థానంలో పదం ముగియాలన్న నియమం లేదు. ఈ భేదం తెలియక యతి దగ్గర ఊపిరి తీసుకునే నటుడు సమాసాన్ని మధ్యలో నరికేస్తాడు. 'అసమర్థుడు' అన్న మాటలో మొదటి 'అ' మీద రాగం తీసి, తెరిపిచ్చి, 'సమర్థుడు' అన్నాడనుకోండి. వెనుక వరుసలో కూర్చున్నవాడికి చేరేది తిట్టు కాదు, పొగడ్త! తరగతిలో యతి పాఠం చెప్పేటప్పుడు నేను ఈ ఉదాహరణే వాడుతుంటాను.

ఈ స్వేచ్ఛకు కొస ఎక్కడుందో 'ఈలపాట' రఘురామయ్య (1901–1975) చూపించారు. శ్రీకృష్ణ పాత్రకు పేరుపొందిన ఆ నటుడు వేలిని నోట ఉంచుకొని ఈలతో రాగాలు పలికించేవారు. ఈలలో అక్షరం ఉండదు. అక్కడ కవి పూర్తిగా తప్పుకొని రాగం ఒక్కటే మిగిలింది. ప్రేక్షకుడు ఆ మాటలను ముందే కంఠస్థం చేసి ఉన్నాడు గనుక, ఈల వింటూ మనసులో పద్యం తానే నింపుకోగలిగాడు. ఇది శ్రోత జ్ఞాపకం మీద నిలిచిన స్వేచ్ఛ. పద్యం తెలియని తరానికి అది వట్టి ఈలే.

పాశ్చాత్యంలో ఒక పోలిక

కవి వదిలిన చోటు అనే భావన మనకు మాత్రమే పరిమితం కాదు. ఐరోపా సంగీతంలో పియానో కచేరీ రచనల్లో ఒకచోట వాద్యబృందం ఆగిపోయి, పియానో వాద్యకారుడు సొంత కల్పనను ప్రదర్శించడానికి అవకాశం ఉండేది. దాన్ని కెడెంజా అంటారు. బీథోవెన్ తన అయిదవ పియానో కన్చెర్టోలో (1809) ఆ చోటు రాగానే, ఇక్కడ కెడెంజా వద్దు, వెంటనే ముందుకు సాగండి అని స్వరపత్రంలోనే రాశాడు. స్వరకర్త తన హద్దును తానే గీసుకున్న సందర్భమిది. మన నాటకకవులెవరూ 'ఇక్కడ రాగం తీయరాదు' అని అచ్చువేయించలేదు. వేయించినా వినేదెవరు అన్నది వేరే మాట.

మరొక ఘటన మన చర్చకు ఇంకా దగ్గరగా ఉంది. 1962 ఏప్రిల్ 6న న్యూయార్క్ కార్నెగీ హాలులో గ్లెన్ గూల్డ్ అనే పియానో విద్వాంసుడు బ్రామ్స్ మొదటి కన్చెర్టోను వాయించవలసి ఉంది. దాన్ని అలవాటుకు భిన్నంగా, బాగా నెమ్మదిగా వాయించాలని ఆయన పట్టుబట్టాడు. వాద్యబృంద నిర్వాహకుడు లెనార్డ్ బెర్న్‌స్టీన్ ప్రదర్శనకు ముందు శ్రోతల ఎదుట నిలబడి, ఈ పద్ధతితో తాను పూర్తిగా ఏకీభవించడం లేదని, అయినా ఇందులో వినదగినది ఉంది గనుక నిర్వహిస్తున్నానని చెప్పాడు. ఆ రాత్రి వినబోయేదానిలో బ్రామ్స్‌ది ఏది, గూల్డ్‌ది ఏది అన్నది సభకు ముందే తెలిసింది.

కాటిసీనులో జాషువ

ఇక్కడి నుంచి మన రంగస్థలానికి తిరిగివస్తే, అత్యంత ప్రసిద్ధమైన స్వేచ్ఛ బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881–1953) రాసిన 'సత్యహరిశ్చంద్రీయము'లో కనిపిస్తుంది. శ్మశానంలో కాపరిగా నిలబడిన హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో జనానికి బాగా నోట నానినవి కొన్ని బలిజేపల్లివి కావు. అవి గుఱ్ఱం జాషువ (1895–1971) 'శ్మశానవాటి' ఖండికలోవి. నటులు వాటిని తెచ్చి కాటిసీనులో నిలిపారు. డి.వి. సుబ్బారావు వంటి హరిశ్చంద్రుల గొంతులో, ఆపైన క్యాసెట్లలో అవి ఊరూరా తిరిగాయి.

నాటకపరంగా ఇది గొప్ప చేర్పు అని నా అభిప్రాయం. కాటిసీనుకు కావలసిన తాత్త్విక గాంభీర్యం ఆ పద్యాల్లో ఉంది. అతుకు కనబడదు. కనబడకపోవడమే సమస్య. జనం వాటిని నాటకంలోని భాగంగానే విన్నారు, బలిజేపల్లివేనని అనుకున్నారు. మా విద్యార్థుల్లో ఆ పద్యాలను తాతల దగ్గర నేర్చుకొని రాగయుక్తంగా పాడగలిగినవారు ఉన్నారు. జాషువ పేరు చెప్పగలిగినవారు తక్కువ.

పేరుతో పాటు అర్థమూ కదిలింది. ఖండికలో మాట్లాడేది కవి. అస్పృశ్యతను ఒంటిమీద అనుభవించిన మనిషి, అది అడుగుపెట్టలేని చోటు భూమ్మీద శ్మశానం ఒక్కటే అని గుర్తిస్తున్నాడు. ఆ గుర్తింపులో ఊరట కన్నా అభియోగం ఎక్కువ. బతికి ఉండగా దొరకని సమత్వం బూడిదలో దొరుకుతోంది. అవే పద్యాలు హరిశ్చంద్రుడి నోట పడినప్పుడు వక్త మారిపోయాడు. ఆయన రాజు. సత్యం కోసం చండాలుడికి దాసుడయ్యాడు. ఆ స్థితి ఆయనకు పరీక్ష, పుట్టుక కాదు. తెల్లవారితే దేవతలు దిగివస్తారు, రాజ్యం తిరిగివస్తుంది. మార్కండేయ పురాణకథలో రాజును కొన్న చండాలుడు కూడా చివరికి ధర్ముడేనని తేలుతుంది. జాషువ ఖండికలో ఎవరూ దిగిరారు. పద్యంలో ఒక్క అక్షరం మారకపోయినా, అభియోగం వేదాంతమైంది. లఘువును సాగదీసిన నటుడు మాటను చెడగొట్టాడు. ఇక్కడ మాట చెక్కుచెదరలేదు, దాని వెనుక ఉన్న మనిషి మారిపోయాడు.

దీనికి నటులను నిందించడం సులభం, న్యాయం కాదు. వాళ్లే లేకపోతే ఆ పద్యాలు అక్షరం రాని శ్రోతల దాకా చేరేవి కావు. పాఠ్యపుస్తకం చేయలేని పని కాటిసీను చేసింది. కానీ కాంట్రాక్టు నాటకాల్లో చదివింపులు చదివే ఆచారం ఒకటుంది. పద్యం నచ్చి పది రూపాయలిచ్చిన వ్యక్తి పేరు, ఇంటిపేరుతో, ఊరిపేరుతో సహా మైకులో వినిపిస్తారు. అందుకోసం హరిశ్చంద్రుడు పుత్రశోకాన్ని కూడా కాసేపు ఆపుకుంటాడు. నేను చూసిన ప్రదర్శనల్లో ఆ మైకులో పద్యకర్త పేరు వినబడిన సందర్భం ఒక్కటే. ఒక వృద్ధ నటుడు కాటిసీనుకు తెర లేచే ముందు ముందుకు వచ్చి, ఇప్పుడు పాడబోయే వాటిలో కొన్ని జాషువ కవిగారివి అని రెండు ముక్కల్లో చెప్పి, గొంగడి సర్దుకొని పాత్రలోకి వెళ్లిపోయారు.

పరిశోధకులకు ఇందులో చేయవలసిన పని ఉంది. అచ్చుప్రతి ఒక పాఠం, నటుల చేతిరాత నోటుపుస్తకాల్లోనిది మరొకటి, క్యాసెట్టులో వినిపించేది ఇంకొకటి. ఏ పద్యం తొలగింది, ఏది చేరింది, ఏది ఎక్కడ విరిగింది అన్నది ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. నోటుపుస్తకాలు కృష్ణా, గుంటూరు ప్రాంతాల నటుల ఇళ్లలో, ట్రంకుపెట్టెల్లో కిరీటాల కింద ఉన్నాయి. కాగితం పెళుసుబారకముందే వాటికి నకళ్లు తీసుకోవలసి ఉంది.