పిల్లల ఎదుగుదల – పీయూష గ్రంథికి ఆజ్ఞ ఎవరిది?

పిల్లలు సరిగా అన్నం తినడం లేదని, తోటివారితో సమానంగా ఎదగడం లేదని తల్లిదండ్రులు దిగులు చెందడం సహజం. ఆ దిగులుతో కొందరు మందుల దుకాణానికి వెళ్ళి, ఆకలి పుట్టించే సిరప్ ఒకటి అడిగి తెచ్చుకుంటారు. అటువంటి సిరప్‌లలో తరచుగా కనిపించే ఔషధం సైప్రోహెప్టడీన్. ఇది ప్రధానంగా అలర్జీని తగ్గించే మందు. అంతేకాక, సెరొటోనిన్ అనే రసాయనం చేసే పనికి అడ్డుపడే గుణం కూడా దీనికి ఉన్నది. ఆ సెరొటోనిన్‌కు, పిల్లల ఎదుగుదలకు గల సంబంధమేమిటో తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ ప్రయోజనకరం.

మెదడు అడుగుభాగాన బఠాణీ గింజంత పరిమాణంలో పీయూష గ్రంథి అమరి ఉంటుంది. దాని ముందు భాగం నుండి వెలువడే పెరుగుదల హార్మోను రక్తం ద్వారా కాలేయాన్ని, ఎముకలను చేరుతుంది. పొడవైన ఎముకల చివరలలో ఉండే మృదులాస్థిని వృద్ధి చేసి, పిల్లలను ఎత్తు పెంచుతుంది. అయితే కర్మాగారంలోని యంత్రం కంట్రోల్ రూము ఆదేశాలకు లోబడినట్లే, ఈ గ్రంథి కూడా తనకు పైనున్న హైపోథాలమస్ ఆజ్ఞలకు లోబడి పనిచేస్తుంది. అక్కడి నుండి ముఖ్యంగా రెండు ఆజ్ఞలు వస్తాయి. హార్మోనును విడుదల చేయుమనే ఆజ్ఞను జి.హెచ్.ఆర్.హెచ్. తెస్తుంది, ఆపుమనే ఆజ్ఞను సొమాటోస్టాటిన్ తెస్తుంది. శాస్త్రజ్ఞులు 1973లో సొమాటోస్టాటిన్‌ను, 1982లో జి.హెచ్.ఆర్.హెచ్.ను గుర్తించారు.

ఈ రెండు ఆజ్ఞలనూ ప్రభావితం చేసే మెదడు రసాయనాలలో సెరొటోనిన్ ఒకటి. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే శాస్త్రజ్ఞులు దీనిని రక్తపు సీరం నుండి వేరుచేశారు. 1953లో బెటీ ట్వారోగ్, పేజ్ ఇది మెదడులోనూ ఉన్నదని నిరూపించారు.

పెరుగుదల హార్మోనుతో దీనికి గల సంబంధం 1973 నాటి ప్రయోగాలతో స్పష్టపడింది. శరీరంలో సెరొటోనిన్‌గా మారే 5-హైడ్రాక్సీట్రిప్టోఫాన్‌ను జపాను వైద్యశాస్త్రజ్ఞుడు ఇమురా, ఆయన సహచరులు మనుషులకు ఇచ్చి చూడగా, రక్తంలో పెరుగుదల హార్మోను హెచ్చింది. అదే సంవత్సరం అమెరికాలో మరొక ప్రయోగం జరిగింది. ఇన్సులిన్ ఇచ్చి రక్తంలోని చక్కెరను తగ్గించినపుడు సాధారణంగా పెరుగుదల హార్మోను పైకి లేస్తుంది. ముందుగా సైప్రోహెప్టడీన్ ఇచ్చినవారిలో ఆ పెరుగుదల అణగిపోయింది. తరువాతి కాలంలో, సెరొటోనిన్ గ్రాహకాలపై పనిచేసే పార్శ్వపు నొప్పి మందు సుమాట్రిప్టాన్ కూడా ఈ హార్మోనును పెంచుతుందని తేలింది. అది సొమాటోస్టాటిన్ బిగువును సడలించడం వలన ఇలా జరుగుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

అయితే దీనినుండి తొందరపాటు నిర్ణయాలకు రాకూడదు. ఆకలి మందు తాగిన పిల్లలందరూ పొట్టివారవుతారని దీని అర్థం కాదు. ఆ మందు వాడిన పిల్లలు బరువు పెరిగినట్లు కొన్ని పరిశీలనలు తెలిపాయి. సెరొటోనిన్‌ను పెంచితే ఎత్తు పెరుగుతారన్నది అంతకంటే పెద్ద పొరపాటు. శరీరంలోని సెరొటోనిన్‌లో నూటికి తొంభై పాళ్ళకు పైగా జీర్ణకోశంలోనే ఉంటుంది; అది రక్తం నుండి మెదడులోకి ప్రవేశించలేదు. గ్రహించవలసినది ఒక్కటే: మెదడులోని ఆజ్ఞలపై పనిచేసే మందు బలానికి తాగే టానిక్ కాదు. వైద్యుని సలహా లేకుండా దానిని నెలల తరబడి పిల్లలకు ఇవ్వడం తగదు. ఆ మందుతో వచ్చే మగత వలన చదువు కూడా దెబ్బతినవచ్చు.

మరి తల్లిదండ్రులు చేయగలిగినదేమిటి? పెరుగుదల హార్మోను అధికంగా విడుదలయ్యేది రాత్రి గాఢనిద్ర తొలి గంటలలో. ఇంటిలో ఒకరు రాత్రి షిఫ్టుకు వెళ్ళి వచ్చేవారైనా, పిల్లల నిద్రవేళ మాత్రం మారకుండా చూడాలి. ఆరు నెలలకొకసారి ఎత్తు కొలిచి, తేదీతో సహా వ్రాసి ఉంచాలి. నాలుగేళ్ళు దాటిన బిడ్డ యుక్తవయస్సు వచ్చేవరకు ఏడాదికి సుమారు 5–6 సెంటీమీటర్లు పెరగాలి. 4 సెంటీమీటర్లకు లోబడితే వైద్యునికి చూపించాలి. కారణం థైరాయిడ్ లోపం కావచ్చు, దీర్ఘకాలిక వ్యాధి కావచ్చు, అరుదుగా పీయూష గ్రంథి లోపమూ కావచ్చు. ఈ చివరిదానికి పెరుగుదల హార్మోను ఇంజెక్షన్లు ఉన్నాయి. కానీ ఎముకల చివరలు మూసుకుపోయిన తరువాత ఏ చికిత్సా ఎత్తును పెంచలేదు. ఆకలి సిరప్‌తో రెండు మూడేళ్ళు గడిపివేసిన కుటుంబం నష్టపోయేది ఆ విలువైన కాలాన్నే. కనుక సీసా కొనడానికి ముందు బిడ్డ ఎత్తును కొలిచి, ఆ లెక్కతో వైద్యుని వద్దకు వెళ్ళడం మేలు.