కల్తీ పాల కేసు: సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

తిరుమలాయపాలెం ప్రాంతపు సంఘాలకు మేము తనిఖీకి వెళ్లినపుడు సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: “ఒకరు నీళ్లు కలిపితే కేసు ఎవరి మీద పడుతుంది?” సంఘం మీదనే పడుతుంది. క్యానులో పోసిన తరువాత ఎవరి పాలు ఎవరివో ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుండి అమలులోనికి వచ్చింది. తన పాలన్నీ సంఘానికే పోసే సభ్యునికి ఈ చట్టం క్రింద రిజిస్ట్రేషన్ అవసరం లేదు. సంఘానికి మాత్రం రిజిస్ట్రేషన్ గాని, లైసెన్సు గాని తప్పదు. అందుచేత బాధ్యతయు సంఘానిదే.

ఆహార భద్రతాధికారి వచ్చినపుడు భయపడనక్కరలేదు. ఆయన నోటీసు ఇచ్చి, సాక్షుల ఎదుట పాలు తీసికొని, వాటి వెల చెల్లించవలెను. శాంపిలును నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు, రెండు జిల్లా అధికారికి పోతాయి. నాలుగవ దానిని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపమని కోరే హక్కు సంఘానికి ఉన్నది. ఈ హక్కును కార్యదర్శులు అక్కడికక్కడే వినియోగించుకొనవలెను. అనలిస్టు నివేదిక 14 రోజులలో రావలెను. దానిపై 30 రోజులలోగా అప్పీలు చేసికొనవచ్చును.

పాలు చెడకుండా అధికారి శాంపిలు సీసాలో ఫార్మలిన్ చుక్కలు వేస్తారు. అది పరీక్ష కొరకు మాత్రమే. అదే ఫార్మలిన్ మన క్యానులో పడితే నేరము.

గేదె పాలలో వెన్న 5 శాతం, వెన్నేతర ఘనపదార్థాలు 9 శాతం ఉండవలెను. నీరు కలిసి ఇవి తగ్గితే పాలు నాసిరకమని తేలి, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. ఆరోగ్యానికి హాని చేసే పదార్థం కలిస్తే జైలుశిక్ష. దానివలన ప్రాణం పోతే శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం వరకు పోవచ్చును.

లాక్టోమీటరు ఒక్కటే చాలదు. నీటితోపాటు పంచదారో, ఉప్పో, యూరియానో కలిపితే రీడింగు సరిగానే కనబడుతుంది. కనుక వెన్న పరీక్షతోపాటు ఈ పదార్థాల పరీక్షలు కూడ అప్పుడప్పుడు జరిపించవలెను.

తిరుమల నెయ్యి వ్యవహారం అందరికీ తెలిసినదే. 2024 అక్టోబరు 4న సుప్రీంకోర్టు అయిదుగురితో దర్యాప్తు బృందాన్ని ఏర్పరచింది. 2025 ఫిబ్రవరిలో నలుగురు అరెస్టయినారు. నెయ్యి ఎవరి నుండి ఎవరికి చేరినదనే విషయమే అక్కడ ముఖ్యమైనది. మన సంఘానికైనా అంతే. ఏ పూట, ఏ సభ్యుడు, ఎన్ని లీటర్లు, ఎంత వెన్న అన్న రిజిస్టరే మనకు రక్ష.

అనుమానపు పాలను క్యానులో కలుపక ముందే ఆపవలెను. పొరుగువాడని, చుట్టమని మొగమాటపడి వదలిన ఒక్క చెంబు పాలు నిజాయితీగా పోసిన వారందరి పాలను చెడగొట్టును. తోటి సభ్యుని కష్టానికి నష్టం రాకుండ చూచుటే సహకారమని మేము మనవి చేయుచున్నాము.