మెమరీ ఎక్కడ చిక్కుకుంటుంది?

శంషాబాద్‌లో దిగే విమానాల వివరాలు చూపే వెబ్‌పేజీ మీరు రాస్తున్నారనుకోండి. విమానం ఆబ్జెక్ట్‌లో దాని గేటు, గేటు ఆబ్జెక్ట్‌లో మళ్లీ ఆ విమానం. ఒకదాన్నొకటి పట్టుకున్నాయి కాబట్టి ఇది సర్క్యులర్ రిఫరెన్స్.

అపోహ: ఇలా చుట్టుకున్నవి మెమరీలోంచి ఎప్పటికీ పోవు.

వాస్తవం: పోతాయి. ఒక ఆబ్జెక్ట్‌ను ఎన్ని పట్టుకున్నాయో నేటి ప్రధాన బ్రౌజర్లలోని జావాస్క్రిప్ట్ ఇంజన్లు లెక్కపెట్టవు. ప్రోగ్రామ్ మూలాల (గ్లోబల్ చరరాశుల వంటివాటి) నుంచి బయల్దేరితే దాన్ని చేరగలమా అనే చూస్తాయి. రెండు పల్లెల మధ్య ఎంత మంచి రోడ్డున్నా, ఔటర్ రింగు రోడ్డు నుంచి దేనికీ దారి లేకపోతే ఎవరూ అక్కడికి చేరలేరు కదా! అలాంటి జంటను ఇంజన్ ఊడ్చేస్తుంది. 1960లో లిస్ప్ కోసం జాన్ మెకార్తీ చెప్పిన ఆలోచనే దీనికి పునాది.

మరి ఈ భయం ఎక్కడిది? ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 నాటిది. అందులో పేజీలోని బటన్లు, పెట్టెలు లెక్కపెట్టే పద్ధతిలో నడిచేవి, స్క్రిప్టుకు వేరే పద్ధతి. బటన్ ఒక ఫంక్షన్‌నూ, ఆ ఫంక్షన్ క్లోజర్ ద్వారా (అంటే తన చుట్టూ ఉన్న చరరాశులను పట్టుకుని ఉండటం ద్వారా) అదే బటన్‌నూ పట్టుకుంటే ఆ ముడి విప్పేవారే లేరు. తప్పు బ్రౌజర్‌ది, నింద క్లోజర్ మీద పడింది.

అపోహ: క్లోజర్ ఉంటే మెమరీ లీక్ తప్పదు.

వాస్తవం: క్లోజర్ బతికున్నంత కాలమే దాని చరరాశులు బతుకుతాయి. నిమిషానికోసారి వివరాలు తెచ్చే సెట్‌ఇంటర్వల్‌ను ఆపడం మరిచిపోతే, లోపలి ఫంక్షన్ వాడే పెద్ద జాబితా కూడా కదలదు. రాత్రింబవళ్లు తెరిచి ఉండే పేజీకి ఇది నిజమైన ముప్పు. ఇంతకన్నా సూక్ష్మమైనది ఇంకొకటి: క్రోమ్‌లోని వీ8 ఇంజన్‌లో ఒకే ఫంక్షన్‌లో పుట్టిన రెండు క్లోజర్లు ఒకే పరిసరాన్ని పంచుకుంటాయి. జాబితాను ముట్టుకునేది మొదటిదే అయినా, రెండోది బతికి ఉంటే జాబితా కూడా నిలిచిపోవచ్చు. అనుభవజ్ఞులు కూడా ఇక్కడే తికమకపడతారు.

అపోహ: క్లోజర్ విలువను కాపీ చేసుకుంటుంది.

వాస్తవం: చరరాశినే పట్టుకుంటుంది. అందుకే లూప్‌లో వార్ వాడి గేట్లకు క్లిక్ హ్యాండ్లర్లు పెడితే, ఏ గేటు నొక్కినా లూప్ ముగిసేనాటి అంకే కనిపిస్తుంది. 2015లో వచ్చిన లెట్ ప్రతి చుట్టుకూ కొత్త చరరాశినిస్తుంది.

ఇక జేసన్ స్ట్రింగిఫై ఇచ్చే సర్క్యులర్ ఎర్రర్‌కు, మెమరీకి సంబంధమే లేదు. ఆ వలయాన్ని జేసన్ అక్షరాల్లో రాయలేకపోవడమే కారణం. లీక్ అనుమానం ఉంటే క్రోమ్ డెవ్‌టూల్స్‌లో రెండు హీప్ స్నాప్‌షాట్‌లు తీసి పోల్చండి. పోవాల్సిన ఆబ్జెక్ట్‌ను ఎవరు పట్టుకున్నారో రిటైనర్స్ భాగంలో పేరుతో సహా దొరుకుతుంది.